జపాన్‌లోని ఒకినావాలో ఆరు నెలలు ఉండి కరాటే నేర్చుకోవాలని ఉంది, వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి

గాజువాక_గోజు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. నాకు 27, మాది గాజువాక. ఎనిమిదో తరగతిలో స్కూలు గ్రౌండులో కరాటే మొదలుపెట్టాను, ఇంజనీరింగ్‌లో రెండేళ్ళు వదిలేశాను గానీ మిగతాదంతా ఆపకుండా చేశాను. నాది గోజు-ర్యు అనే స్టైల్, సెకండ్ డాన్ (బ్లాక్ బెల్టులో రెండో మెట్టు). సర్టిఫికెట్ మీద జపనీస్ స్టాంపు కూడా ఉంది, కాకపోతే ఆ స్టాంపు వేసినవాళ్ళు అక్కడ ఎవరికైనా తెలుసా అంటే నాకే డౌటు.

మేనేజరు ఆరు నెలలు జీతం లేని సెలవుకి సరే అన్నాడు, ఆయన మనసు మారేలోపు బయలుదేరాలని నా తొందర. దాచుకున్నది 6 లక్షలు ఉంది. ఒకినావాకే ఎందుకంటే మా స్టైల్ పుట్టిందే అక్కడ, మేం రోజూ చేసే సాన్చిన్ కటా (ఒక్కరే వరసగా చేసే అడుగులు, కదలికలు) అసలు అక్కడ ఎలా చేస్తారో ఒకసారి కళ్ళారా చూడాలని పదేళ్ళుగా ఉంది.

నాకు తెలియనివి: వీసా ఏది తీసుకోవాలి, ఈ డబ్బు సరిపోతుందా, అక్కడే ఏదైనా పార్ట్‌టైమ్ చేసుకోవచ్చా (యూట్యూబ్‌లో ఒకాయన వర్కింగ్ హాలిడే అని ఏదో చెప్తున్నాడు), జపనీస్ ముక్క రాదు, దాంతో క్లాసులో ఇబ్బందా. తిండి విషయంలో పెద్ద పట్టింపు లేదు, బీఫ్ తినను, శనివారం నాన్‌వెజ్ ముట్టను. ఇంట్లో మాత్రం అమ్మ "సంబంధాలు చూస్తుంటే ఇప్పుడు కొట్లాట నేర్చుకోడానికి దేశం దాటాలా" అని మొదలుపెట్టింది. దానికి సమాధానం మీ దగ్గర ఉన్నా చెప్పండి.

---

నహాలో_ఏడు_నెలలు:

తమ్ముడూ, నేను విజయవాడ నుంచి వెళ్ళి ఒకినావా ముఖ్య పట్టణం నహాలో ఏడు నెలలు ఉన్నాను, నాదీ గోజు-ర్యునే, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒకటి తెలుసుకో. అక్కడ డోజో (కరాటే నేర్పే చోటు) అంటే పెద్ద బిల్డింగు, హాస్టలు, పొద్దున్నే నాలుగింటికి లేపి కొండలు ఎక్కించే గురువు, అదంతా సినిమా. ఒకినావాలో దాదాపు 400 డోజోలు ఉన్నాయని చెప్తారు, అందులో చాలా మటుకు మాస్టారి ఇంటి కింద పోర్షనే. పైన ఆయన కాపురం, కింద చెక్క నేల వేసిన గది, గోడకి ఆయన గురువు ఫొటో, పక్కన మన గోజు-ర్యు మొదలుపెట్టిన మియాగి చోజున్ ఫొటో. మాస్టారు పగలు ఏదో పని చేసుకుంటాడు, సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిది దాకా క్లాసు, మా దగ్గర అయితే వారానికి మూడు రోజులే. లెక్క వేసుకో, వారానికి ఆరు గంటలు. మిగతా టైము ఏం చేస్తావు? నేను మొదటి నెల దీనికే పిచ్చెక్కిపోయాను. ఉద్యోగం లేదు, ఫ్రెండ్స్ లేరు, సాయంత్రం ఏడు ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చోవడం. తర్వాత పొద్దున సీ వాల్ మీద ఒక్కడినే కటా చేసుకోవడం, మధ్యాహ్నం సిటీ వాళ్ళు నడిపే జపనీస్ క్లాసు, ఇలా ఏర్పాటు చేసుకున్నాక కుదుటపడ్డాను. నువ్వు వెళ్ళేముందే పగలు ఏం చేస్తావో ఆలోచించి పెట్టుకో.

రెండోది బెల్టు. మొదటి రోజు బ్యాగులో బ్లాక్ బెల్టు పెట్టుకునే వెళ్ళాను, దారిలో ఏం తోచిందో ఏమో షాపులో ఒక తెల్ల బెల్టు కూడా కొన్నాను. మాస్టారు ఏ బెల్టు కట్టుకోవాలో చెప్పలేదు, నేను అడగలేదు, తెల్లది కట్టుకుని వెనక నిలబడ్డాను. ఆయన ఒకసారి చూసి తల ఊపాడు, అంతే. నల్లది ఏడు నెలలూ సూట్‌కేసులోనే ఉండి బూజు పట్టింది. అందరు మాస్టార్లూ ఇలాగే ఉంటారని కాదు, అదే స్టైల్ వాళ్ళయితే కట్టుకోమని చెప్పేవాళ్ళూ ఉన్నారు, కానీ నీ స్టాంపు మీద నీకే డౌటు ఉందంటున్నావు కాబట్టి చెప్తున్నా.

ఇక సాన్చిన్. పదమూడేళ్ళు చేశాను, నాకు రాదని అక్కడే తెలిసింది. రెండు నెలలు దాదాపు అదొక్కటే. చొక్కా విప్పించి నిలబెడతారు, మాస్టారు చుట్టూ తిరుగుతూ భుజాల మీద, తొడల మీద చరుస్తూ ఎక్కడ వదులుగా ఉందో చూస్తాడు. రెండో వారంలో అనుకుంటా, ఆయన నా భుజం మీద తట్టి "కటా, కటా" అన్నాడు. కటా మళ్ళీ చెయ్యమంటున్నాడేమో అనుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాను. మళ్ళీ "కటా". మళ్ళీ మొదటి నుంచి. నాలుగోసారికి పక్కనున్న ముసలాయన నవ్వాపుకోలేక తన భుజం పట్టుకుని చూపించాడు. జపనీస్‌లో భుజాన్ని కూడా "కటా" అనే అంటారట! ఆయన చెప్పేదల్లా భుజం దించమని, నేను భుజాలు చెవుల దాకా ఎత్తి చేస్తూనే ఉన్నాను. జపనీస్ రాకపోతే ఇబ్బందా అన్నావు కదా, ఇదీ ఇబ్బంది. క్లాసు మాత్రం ఆగదు, చేత్తో సర్ది చూపిస్తారు. శరీర భాగాల పేర్లు, అంకెలు, కుడి ఎడమ, ఇవి ఇక్కడే నేర్చుకుని వెళ్ళు.

జాడీల సంగతి కూడా చెప్పాలి. నిగిరి-గమె అంటారు, మన ఆవకాయ జాడీ లాంటిదే, అంచుని వేళ్ళ కొసలతో పట్టుకుని సాన్చిన్ అడుగులు వేస్తూ గది ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. వారం వారం కాస్త ఇసుక పోస్తారు. ఇంకోటి చీషి, కర్ర చివర సిమెంటు దిమ్మ. నాకు మొదటి నెల చాప్‌స్టిక్స్ పట్టుకోడానికి వేళ్ళు సహకరించేవి కావు, స్పూన్ అడిగి తినేవాణ్ణి. మకివరా (గుద్దడానికి పాతిన పలక) చూడగానే బలమంతా చూపించకు, నేను చూపించి పది రోజులు చెయ్యి ఐసులో పెట్టుకున్నాను.

క్లాసు అయ్యాక తడిగుడ్డ రెండు చేతులతో నేలకి అదిమి, వంగి పరిగెడుతూ గదంతా తుడవాలి. డాన్‌లు ఉన్నవాళ్ళు కూడా తుడుస్తారు. మన దగ్గర లాగా చిన్న పిల్లలకి అప్పజెప్పడం ఉండదు. ఇంకో చిన్న మాట, ఇక్కడ మనం ప్రతిదానికీ "ఓస్" అని అరుస్తాం కదా, ఒకినావాలో చాలాచోట్ల అది వాడరు, కొంతమంది పెద్దవాళ్ళకి నచ్చదు కూడా. "హాయ్" అంటే చాలు, అంటే అవునండీ అని.

వీసా గురించి ఒక్కటే చెప్తాను, మిగతాది టోక్యోలో ఉన్నవాళ్ళు చెప్తారు. ఆరు నెలలకి కల్చరల్ యాక్టివిటీస్ వీసా ఉంది, కానీ దానికి అక్కడి మాస్టారు తన తరఫు నుంచి కాగితాలు ఇవ్వాలి. ముఖం కూడా తెలియని కుర్రాడికి 70 ఏళ్ళ పెద్దాయన ఎందుకు సంతకం పెడతాడు? అందుకని నేను ముందు సంవత్సరం షార్ట్ స్టే వీసా మీద ఒక నెల వెళ్ళొచ్చాను, ఊరికే వెళ్ళి క్లాసు చేసి, నేల తుడిచి వచ్చాను. ఆ తర్వాత అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చాడు. నువ్వు ఆరు నెలల సెలవుని ఒకేసారి వాడెయ్యాలని చూస్తున్నావు, అక్కడే నీ ప్లాన్ దెబ్బతింటుంది.

---

నిషికసాయి_నాని:

పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను కరాటే మనిషిని కాదు, టోక్యోలో తొమ్మిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, మా ఫ్లాట్‌మేట్ ఒకడు అయికిడో (ఇంకో జపనీస్ మార్షల్ ఆర్ట్) కోసం ఇదే వీసా మీద వచ్చాడు కాబట్టి కాగితాల గోల నాకు కంఠతా వచ్చు.

వర్కింగ్ హాలిడే (ఒప్పందం ఉన్న దేశాల కుర్రాళ్ళు తిరుగుతూ పని కూడా చేసుకునే వీసా) మర్చిపో. ఆ ఒప్పందం ఉన్న దేశాల్లో ఇండియా లేదు, ఆ యూట్యూబ్ ఆయన ఏ దేశం పాస్‌పోర్టుతో మాట్లాడుతున్నాడో కనుక్కో. 2024లో డిజిటల్ నోమాడ్ అని (బయటి దేశపు పని ల్యాప్‌టాప్ మీద చేసుకునేవాళ్ళకి) ఇంకోటి పెట్టారు, దానికి ఏడాదికి కోటి యెన్ల ఆదాయం ఉండాలి, అయినా ఆ లిస్టులోనూ మనం లేము. కల్చరల్ యాక్టివిటీస్ మీద పని చేసి సంపాదించడానికి లేదు. స్టూడెంట్ వీసా వాళ్ళ లాగా వారానికి 28 గంటలు అనే సౌకర్యం దీనికి మామూలుగా రాదు, విడిగా అప్లై చేసుకోవాలి, ఇస్తారో లేదో వాళ్ళ ఇష్టం. కాబట్టి తెచ్చుకున్న డబ్బుతోనే బతకాలి అనుకుని లెక్క వెయ్యి.

పద్ధతి ఏంటంటే, ముందు ఇక్కడ ఇమ్మిగ్రేషన్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అనే కాగితం రావాలి, దానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. మాస్టారికి నిజంగా ఆ విద్యలో అనుభవం ఉందని, నీ ఖర్చులకి డబ్బు ఉందని చూపించాలి. అది చేతికొచ్చాక వీసా పెద్ద పని కాదు. టూరిస్టుగా దిగి ఇక్కడే మార్చుకుందాం అనుకోకు, ప్రత్యేకమైన కారణం ఉంటే తప్ప మార్చరు.

దిగాక రెసిడెన్స్ కార్డు ఇస్తారు. నరిత, హనెద, ఫుకుఒకా లాంటి కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే చేతికి ఇస్తారు, నహా అందులో లేదు. టోక్యో మీదుగా రా, కార్డు జేబులో వేసుకుని లోకల్ ఫ్లైట్ ఎక్కు. ఇల్లు దొరికిన 14 రోజుల్లో మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ రాయించాలి, అక్కడే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా, మూడు నెలలు దాటి ఉండేవాళ్ళకి అది తప్పనిసరి. ఆస్పత్రి బిల్లులో నువ్వు కట్టేది 30 శాతం. ముందు ఏడాది జపాన్‌లో ఆదాయం ఉండదు కాబట్టి ప్రీమియం తక్కువే వస్తుంది. పెన్షన్ కట్టమని కూడా ఒక కవరు వస్తుంది, కంగారు పడకు, ఆదాయం లేదని మినహాయింపుకి అప్లై చెయ్యొచ్చు. మా ఫ్లాట్‌మేట్ ఆ కవరు చూసి రెండు రోజులు అన్నం తినలేదు.

ఇల్లు షేర్ హౌస్‌లో తీసుకో. మామూలు అపార్ట్‌మెంట్ అయితే అడ్వాన్స్, మళ్ళీ రాని "కీ మనీ", గ్యారంటార్, ఆరు నెలలకి ఇదంతా దండగ. నహాలో గది, తిండి, డోజో ఫీజు, ఫోను అన్నీ కలిపి నెలకి 1,10,000 నుంచి 1,20,000 యెన్లు వేసుకుంటే ఆరు నెలలకి మన రూపాయల్లో దాదాపు నాలుగు లక్షలు, టికెట్లు విడిగా. సరిపోతుంది, కానీ కాలో చెయ్యో విరిగితే ఇబ్బందే.

మందులు తెచ్చుకుంటే డాక్టరు చీటీతో నెలకి సరిపడా మించి తేకు, దగ్గు సిరప్పుల్లాంటివి ముందే చూసుకో, మన దగ్గర మామూలుగా అమ్మేవాటికి కూడా ఇక్కడ ఆంక్షలు ఉంటాయి. అమ్మ పచ్చి కరివేపాకు సంచిలో కుక్కుతుంది, తీసెయ్యి, సర్టిఫికెట్ లేకుండా పచ్చి ఆకులు రానివ్వరు. పచ్చళ్ళు, పొడులు తెచ్చుకో.

---

తాతమి_మీద_పడ్డదాన్ని:

కాలో చెయ్యో విరిగితే అన్న మాట చూసి వచ్చాను. నాది జూడో, మాది వరంగల్, టోక్యోలో జూడోకి మూలకేంద్రమైన కొదొకాన్‌లో మూడు నెలలు చేశాను. అక్కడ పరిస్థితి వేరు. కరాటే డోజోలకి కావాల్సిన పరిచయం, సిఫారసు ఏమీ అక్కర్లేదు, ఫారం నింపి ఫీజు కట్టి చేరిపోవచ్చు. ఏడో అంతస్తులో 420 తాతమి చాపల హాలు, 1882లో కానో జిగోరో ఒక గుడిలో జూడో మొదలుపెట్టినప్పుడు 12 చాపలే ఉండేవట. సాయంత్రం ఎవరు కనిపిస్తే వాళ్ళ ముందు నిలబడి వంగి నమస్కారం పెడితే చాలు, నీతో పట్టు పడతారు. నన్ను 60 దాటిన ఒక అంకుల్ నెల రోజులు వరసగా ఒకే కాలు పట్టుతో పడేశాడు, నవ్వుతూ పడేశాడు. అమ్మాయిలకి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, నాకు హైదరాబాద్ కంటే అక్కడ క్లాసు నుంచి రాత్రి రూముకి రావడమే తేలిక అనిపించింది.

జనవరిలో పది రోజులు కన్‌గెయికో అని ఉంటుంది, పొద్దున ఐదున్నరకి చలిలో ప్రాక్టీసు. అన్ని రోజులూ వెళ్ళి తీరతానని శపథం చేసి ఆరో రోజు చీలమండ మడత పెట్టుకున్నాను. అప్పుడు తెలిసిందేంటంటే, జపాన్‌లో బెణుకులు, ఎముకలు సర్దే లైసెన్సు ఉన్న వైద్యుల వృత్తి పేరులోనే "జూడో" ఉంటుంది, జూడో-సెయిఫుకుషి అంటారు. జూడో మాస్టార్లు పడేయడంతో పాటు కట్టు కట్టడం కూడా నేర్చేవాళ్ళు కదా, అదే వృత్తిగా నిలబడింది. వీధి వీధికీ ఒక షాపు ఉంటుంది. మా అమ్మకి ఫోన్లో "ఇక్కడి పుత్తూరు కట్టు లాంటిది" అని చెప్తే గానీ ఊరుకోలేదు. తాజా బెణుకులకి అక్కడ ఇన్సూరెన్సు కూడా పనిచేస్తుంది. నేను షార్ట్ స్టే మీద వెళ్ళాను కాబట్టి నాకు ఆ ఇన్సూరెన్సు లేదు, జేబులోంచే పోయింది. వెళ్ళేముందు ట్రావెల్ ఇన్సూరెన్సులో మార్షల్ ఆర్ట్స్ గాయాలకి వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాలు కూడా చదువు. నాది వర్తించలేదు.

---

కర్రసాము_అభిమాని:

ఆరు లక్షలు పెట్టి జాడీలు మొయ్యడానికి, నేల తుడవడానికి అంత దూరం ఎందుకు గురూ. మన కర్రసాము నేర్పే తాతలు ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు, టీ ఇప్పిస్తే నేర్పుతారు.

---

నహాలో_ఏడు_నెలలు:

@కర్రసాము_అభిమాని నేర్చుకోమనండి, నేనూ వస్తాను. కానీ అతను అడిగింది సాన్చిన్ గురించి కదా.

---

గాజువాక_గోజు:

అన్నలకీ అక్కకీ చాలా థాంక్స్, మూడుసార్లు చదివాను, రెండోసారి అమ్మకి కూడా వినిపించాను. పుత్తూరు కట్టు దగ్గర కొంచెం మెత్తబడింది.

నిజం చెప్పాలంటే మొదటి రిప్లై చదివాక కోపం వచ్చింది, ఆరు నెలలు అని ఇన్నాళ్ళూ అనుకుంటుంటే నెల రోజులు చాలంటున్నారేంటని. తర్వాత మేనేజరుతో మాట్లాడాను, ఈ ఏడాది ఒక నెల, మిగతా ఐదు నెలలు వచ్చే ఏడాది అంటే ఆయనకి కూడా హాయిగానే ఉన్నట్టుంది. అన్నా, ఇంకో రెండు విషయాలు. మాస్టారికి మొదట ఉత్తరం ఎలా రాయాలి? ఏ నెలలో వెళ్తే మంచిది? వెళ్ళేటప్పుడు ఏదైనా పట్టుకెళ్ళాలా?

---

నహాలో_ఏడు_నెలలు:

రెండు అని మూడు అడిగావు.

ఉత్తరం చిన్నది రాయి. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు, ఎవరి దగ్గర, ఏ తేదీల్లో రావాలనుకుంటున్నావు, క్లాసు చూడనిస్తారా అని మాత్రమే. డాన్ గొప్పలు, మెడల్ ఫొటోలు వద్దు. మీ మాస్టారి చేత కూడా నాలుగు మాటలు రాయించు, ఆయనకి చెప్పకుండా వెళ్ళడం అక్కడ అస్సలు బాగుండదు. ఎవరికి రాయాలో తెలియకపోతే నహా పక్కనే తొమిగుసుకులో 2017లో తెరిచిన కరాటే కైకాన్ (కరాటే భవనం) ఉంది, బయటి దేశాల వాళ్ళకి డోజోలు చూపించే సమాచార కేంద్రం అక్కడే ఉంది, వాళ్ళకి ఇంగ్లిష్‌లో రాయొచ్చు.

నెల అంటే, మే జూన్ వానలు, ఆ తర్వాత అక్టోబరు దాకా తుఫాన్లు. తుఫాను వస్తే బస్సులు, మోనోరైలు ఆగిపోతాయి, క్లాసు ఉండదు, హుద్‌హుద్ చూసినవాడివి నీకు చెప్పక్కర్లేదు. అక్టోబరు చివర అయితే ఉక్క తగ్గుతుంది, 25న కరాటే డే కూడా. 1936లో అదే తేదీన నహాలో పెద్ద మాస్టార్లు కూర్చుని "ఖాళీ చెయ్యి" అనే అర్థంలో కరాటే అని రాద్దామని అనుకున్నారు, అందుకని ఆ రోజు. తిండికి భయపడకు, ఒకినావా వాళ్ళకి కాకరకాయ అంటే ప్రాణం, గోయా చంపురూ అని వేపుడు చేస్తారు. పోర్క్ వేస్తారు కాబట్టి శనివారాలు మాత్రం ఇంట్లో పప్పు వండుకో.

పట్టుకెళ్ళడానికి నేను ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళాను. మాస్టారు భార్య ఒకటి తీసుకుని పైన రేకు కాగితం అనుకుని పొరలు పొరలుగా విప్పడం మొదలుపెట్టింది, పాపం ఎంతకీ అయిపోదు, లోపల బెల్లం పొడి ఒళ్ళంతా రాలింది. నేను ఇంకోటి తీసుకుని అలాగే కొరికి చూపించాను. మాస్టారు కూడా కొరికి, కాసేపు నమిలి, భార్యతో ఏదో అన్నాడు. తర్వాత రోజు క్లాసులో ముసలాయన చెప్పాడు, "అది అచ్చం నీ సాన్చిన్ లాగా ఉందట, పట్టుకుంటే పొడి".

డబ్బాలో గట్టిగా సర్దించు, లేకపోతే నహా చేరేసరికి నిజంగానే పొడి అవుతాయి.